స్వస్థత సరే... గంటసేపు పట్టుకునే చేతులేవి?

మా పిల్లల కోసం ప్రార్థనలకు లోటు లేదు. ఈ మాట ముందే చెప్పేయాలి. బందరులోనైనా, గుడివాడలోనైనా, దివిసీమ పల్లెల్లోనైనా బుద్ధిమాంద్యం ఉన్న పిల్లనో, నడవలేని పిల్లవాణ్ణో చంకనేసుకుని ఏ గుడికి వెళ్ళినా (మా వైపు చర్చిని గుడి అనే అంటాం లెండి) తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యని అయ్యగారు లేరు. నూనె రాస్తారు. కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఉపవాస ప్రార్థనలో పేరు చదువుతారు. అదంతా ప్రేమే, కాదనను. కానీ 'ఆమెన్' అన్నాక ఆ పిల్లను మళ్ళీ ఎత్తుకునేది ఎవరు? తల్లే. బస్సెక్కించేది తల్లే. ఇంటికి తీసికెళ్ళి గుడ్డలు మార్చేది తల్లే. ఇరవై ఏళ్ళుగా నేను అడగాలనుకుంటున్నది ఒక్కటే. ఆశీర్వదించిన ఆ చేతులు వారానికి ఒక్క గంట మా పిల్లను పట్టుకుని కూర్చోగలవా?

నా పుట్టిల్లు గుడివాడ. అత్తవారిల్లు అవనిగడ్డ అవతల ఒక పల్లె. కాపురం బందరు. అంచేత ఈ మూడు చోట్ల గుళ్ళూ, ఆ గుళ్ళల్లోని మనుషులూ నాకు బాగా తెలుసు. మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయింది. చిన్నదాన్ని ఇప్పటికీ 'పాప' అనే పిలుస్తాం గానీ దానికి ఇరవై మూడేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. ఊపిరి అందని ఆ కాస్త సేపట్లో మెదడు దెబ్బతిందని తర్వాత డాక్టర్లు చెప్పారు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. నడవలేదు. మాటలు పది పన్నెండు వచ్చు, అందులో సగం మాకు తప్ప ఎవరికీ అర్థం కావు. ఫిట్స్ ఉన్నాయి, మాత్రలతో అదుపులో ఉంటాయి. బరువు నలభై రెండు కిలోలు. నాకు యాభై నాలుగేళ్ళు. మా వారికి మోకాళ్ళ నొప్పులు. ఈ లెక్క ఎటు పోతుందో చదివే మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇదేదో క్రైస్తవుల గొడవ, మనకెందుకు అని పేజీ తిప్పకండి. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. ఆ ఇంటావిడ పెళ్ళిళ్ళకు రాదు. పేరంటానికి పిలిస్తే "చూస్తానండీ" అంటుంది, రాదు. గుడికీ రాదు. ఎందుకు రాదో ఎవరూ అడగరు. అలవాటైపోతుంది.

గుడికి రాకపోవడం సంగతే ముందు చెప్తాను. మా పాప చిన్నప్పుడు ఆదివారం ఆరాధనలో అరిచేది. దానికది ఆనందం. కీర్తన మొదలెట్టగానే హార్మోనియం కంటే ముందు మా పాప గొంతు లేచేది. నాలుగైదేళ్ళ వయసులో అందరూ నవ్వి ఊరుకున్నారు. పదేళ్ళొచ్చాక తలలు వెనక్కి తిరగడం మొదలైంది. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో ఒక పెద్దాయన వచ్చి మెల్లగా, చాలా మర్యాదగానే, "అమ్మా, పాపను కాస్త వరండాలో కూర్చోబెట్టుకుంటారా, అందరికీ వాక్యం వినబడటం లేదట" అన్నారు. అది మొదలు పదకొండేళ్ళు నేను వాక్యం వరండాలోనే విన్నాను. పక్కన సైకిళ్ళు, చెప్పులు, మైకులో వచ్చే గొంతు. సంస్కారం వేళకు మా వారు వచ్చి పాప దగ్గర కూర్చుంటే నేను లోపలికి పరుగెత్తి తీసుకుని వచ్చేదాన్ని. ఆ పెద్దాయన చెడ్డవాడు కాదు. మా ఇంట్లో జ్వరాలొస్తే కొబ్బరిబోండాలు పట్టుకొచ్చిన మనిషి. ఆ రోజు మమ్మల్ని బయటికి పంపే బదులు "నేను కాసేపు ఎత్తుకుంటానమ్మా" అనాలని ఆయనకు తట్టలేదు. ఎవరూ ఆయనకు నేర్పలేదు మరి. సండే స్కూల్లో బంగారు వాక్యాలు నేర్పుతాం గానీ మూర్ఛ వచ్చిన పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఎవరికి నేర్పాం?

ఇక రెండో సంగతి, నిందలు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం మన గుళ్ళల్లో ఎన్నిసార్లు చదివి ఉంటారో! పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు యేసును అడిగిన ప్రశ్న ఏమిటి? ఇతను ఇలా పుట్టడానికి పాపం చేసింది ఇతనా, ఇతన్ని కన్నవాళ్ళా అని. ఇద్దరూ కాదని ఆయన తేల్చి చెప్పాడు. రెండువేల ఏళ్ళ కిందటే అయిపోయిన చర్చ అది. అయినా ఇవాళ్టికీ ప్రార్థనకు వచ్చిన వాళ్ళలో ఎవరో ఒకరు గొంతు తగ్గించి, "ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకో అమ్మా" అని అంటూనే ఉన్నారు. నాతో ముగ్గురు అన్నారు. మా వారితో ఒక్కరూ అనలేదు. గమనించారా? పాపం ఎప్పుడూ తల్లి ఖాతాలోనే పడుతుంది.

పక్కింటి హిందూ స్నేహితురాలికి ఇదే మాట ఇంకో పేరుతో వస్తుంది. పూర్వజన్మ కర్మ అంటారు. నాగదోషం అంటారు. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి దగ్గరికి పిల్లల కోసం మొక్కుకుని వెళ్ళే తల్లుల్లో ఇలాంటి బిడ్డల్ని ఎత్తుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. ఆవిడ మోపిదేవి వెళ్ళొచ్చి నాకు ప్రసాదం ఇచ్చింది, నేను గుణదల వెళ్ళొచ్చి ఆవిడకు కొవ్వొత్తి తెచ్చాను. ఇద్దరికీ ఇళ్ళల్లో అదే మాట. గ్రహణంలో బయటికి వచ్చావా, ఏం తిన్నావు, ఎవరి ఉసురు పోసుకున్నావు... డాక్టరు దగ్గరికి వెళితే ఆయన మొదటి ప్రశ్న "మేనరికమా?" అని. అది వైద్యానికి అవసరమైన ప్రశ్నే, తప్పులేదు. మాది మేనరికం కాదు. ఆ స్నేహితురాలిదీ కాదు, వాళ్ళ బాబుది డౌన్ సిండ్రోమ్. ఇరవై ఒకటో జతలో రెండు ఉండాల్సిన క్రోమోజోములు మూడు రావడం వల్ల వచ్చేది. అందుకే మార్చి నెల 21ని ఆ పిల్లల దినంగా ప్రపంచమంతా పాటిస్తుంది. ఇందులో ఎవరి పాపం ఎక్కడుంది? పుల్పిట్ మీద నుంచి ఏడాదికొక్కసారి ఈ మాట గట్టిగా చెప్తే చాలు, ఎంతమంది తల్లుల గుండెల మీద బండ దిగుతుందో!

స్వస్థత కూటముల సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. రాస్తే మా వాళ్ళకే కోపం వస్తుంది. రాయకపోతే పిల్లల ప్రాణాల మీదికి వస్తుంది. గుడివాడ దగ్గర నాకు తెలిసిన ఒక అమ్మాయి ఉంది, నా కంటే చాలా చిన్నది, 'అక్కా' అని పిలుస్తుంది. వాళ్ళ బాబుకు ఆరేళ్ళప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన ఒక ప్రసంగీకుడు మూడు రోజుల కూటములు పెట్టాడు. మూడో రాత్రి బాబును వేదిక మీదికి పిలిచి ప్రార్థన చేసి, ఇక మాత్రలు వేస్తే దేవుణ్ణి నమ్మనట్టే అన్నాడు. ఆ అమ్మాయి నమ్మింది. నమ్మదూ మరి? ఆరేళ్ళుగా నిద్రలేని మనిషికి 'ఇక అక్కర్లేదు' అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఒకదాని వెనక ఒకటిగా మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. వారం తిరక్కుండానే బాబును అర్ధరాత్రి విజయవాడ తీసికెళ్ళారు. బతికాడు. అప్పటికి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేవాడు. ఆ అడుగులు మళ్ళీ రావడానికి రెండేళ్ళు పట్టింది. ప్రసంగీకుడు అప్పటికి ఇంకో ఊళ్ళో ఉన్నాడు. ఆ అమ్మాయికి మాత్రం విశ్వాసం చాలలేదని పేరు వచ్చింది.

నేను ప్రార్థనకు వ్యతిరేకిని కాను. రోజూ చేస్తాను. కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదువుతూ, షుగరు మాత్ర వేసుకుని ప్రసంగానికి లేచే పెద్దలు మా పిల్లల మాత్రల దగ్గరికి వచ్చేసరికి విశ్వాసం గురించి మాట్లాడితే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఏ డినామినేషన్ అయినా సరే, ప్రతి పాస్టరుగారూ, ప్రతి ఫాదరూ కూటములకు ముందు ఒక్క ప్రకటన చెయ్యాలి. డాక్టరుగారు చెప్పకుండా ఎవరూ మాత్రలు ఆపవద్దు అని. అంతే. దానికి డబ్బు ఖర్చు లేదు, కమిటీ తీర్మానం అక్కర్లేదు.

గుణదల మాట వచ్చింది కదా, అక్కడి నుంచి ఫ్రాన్సు దాకా ఒక కథ చెప్పాలి. ప్రతి ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మేరీమాత తిరునాళ్ళకు మన కృష్ణా జిల్లా నుంచి ఎంతమంది వెళతారో మీకు తెలుసు. మేం సి.ఎస్.ఐ. వాళ్ళమైనా వెళ్ళాం. కొండ మెట్ల కింద పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లులు ఎంతమందో! గుణదల మాత అంటే ఫ్రాన్సులోని లూర్దు మాతే. ఆ లూర్దుకు యాత్ర వెళ్దామని ఒక ఫ్రెంచి దంపతులు తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్న తమ ఇద్దరు కొడుకులతో బయలుదేరబోయారు. చర్చి వాళ్ళు నడిపే యాత్రలో మీ పిల్లలు ఉంటే మిగతా యాత్రికులకు ఇబ్బంది అన్నారు. సరేనని సొంతంగా వెళ్ళారు. హోటలు వాళ్ళు గది ఇచ్చారు గానీ భోజనం మాత్రం గదిలోనే చెయ్యాలని షరతు పెట్టారు. ఇది వింటే మా వరండా గుర్తొచ్చింది నాకు! ఆ తల్లిదండ్రుల బాధలో నుంచే 1971 ఈస్టరుకు పెద్ద యాత్ర జరిగింది. పన్నెండు వేల మంది లూర్దుకు వచ్చారు, అందులో నాలుగు వేల మంది బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు. పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, వాళ్ళకు తోడుగా వచ్చిన స్నేహితులు. ఆ యాత్ర అయ్యాక ఎవరి ఊళ్ళో వాళ్ళు నెలకోసారి కలుసుకోవడం మొదలుపెట్టారు. 'ఫెయిత్ అండ్ లైట్' అని దానికి పేరు. మన దేశంలోనూ ఉంది. అక్కడ ఎవరినీ బాగుచెయ్యడం ఉండదు. కలిసి తింటారు, పాడతారు, పిల్లలు అరుస్తారు, ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

ఆ ఉద్యమం మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు మరీ ఎలెన్ మాథ్యూ అనే ఆవిడ, ఇంకొకరు ఝాన్ వనియే. ఆయన్ను లోకమంతా మహాత్ముడిలా చూసింది. 2019లో ఆయన పోయాక, ఆత్మీయ సలహా పేరుతో స్త్రీలను లొంగదీసుకున్నాడని ఆయన పెట్టిన 'లార్ష్' సంస్థే విచారణ జరిపించి 2020లో బయటపెట్టింది. ఆ స్త్రీలు వికలాంగులు కారు. అయినా ఆడపిల్ల తల్లిగా నేనిది దాటవేయలేను. మా పాపకు ఏం జరిగినా చెప్పే మాటలు లేవు. అంచేత గుడి మనుషులు సాయానికి వస్తామంటే సంతోషమే గానీ ఎంత మంచివాళ్ళయినా ఒక్కరే మూసిన తలుపు వెనక ఉండకూడదు. ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి, తలుపు తీసి ఉండాలి. ఇది అనుమానం కాదు, పద్ధతి. పాస్టరుగారికైనా ఇదే పద్ధతి.

చర్చి మా కోసం కొత్తగా ఏదో చెయ్యాలని నేను అడగటం లేదు. చర్చికి ఇది పాత పనే. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. 1843లో నోబుల్ దొర పెట్టిన బడే మన నోబుల్ కాలేజీ అయింది. ఆ తర్వాత మిషను బడులు ఎవరికి తలుపులు తెరిచాయి? ఆడపిల్లలకు, దళితవాడల పిల్లలకు. వీళ్ళకు చదువేం అబ్బుతుందని లోకం నవ్విన వాళ్ళకు. బొంబాయిలో చెవిటి పిల్లల బడి పెట్టింది ఒక కాథలిక్ బిషప్పు. 1887లో అమృతసర్‌లో అంధుల కోసం దేశంలో మొదటి బడి పెట్టింది ఆనీ షార్ప్ అనే మిషనరీ. మా అమ్మమ్మ మిషను బళ్ళో చదువుకోబట్టి నేనివాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. మరి ఇప్పుడు చదువు అబ్బదని అందరూ చెయ్యి దులుపుకున్నది ఎవరి విషయంలో? మా పిల్లల విషయంలోనే కదా.

సర్కారు కొంత చేస్తోంది. మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలున్నాయి, ఫిజియోథెరపీ చేసేవాళ్ళు వారానికి ఒకట్రెండు రోజులు వస్తారు. కానీ అక్కడిదాకా తీసికెళ్ళేది ఎవరు? రోజు కూలికి వెళ్ళే తల్లి ఆ పూట పని మానుకుని, ఆటోకు డబ్బులిచ్చి, పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని ఎన్ని వారాలు వెళ్ళగలదు? నాలుగు వారాలు వెళ్తుంది, అయిదో వారం మానేస్తుంది. "తల్లికే శ్రద్ధ లేదు" అని రిజిస్టరులో రాసుకుంటారు. పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ తలుపు కూడా లేదు. మా గుడి హాలు మాత్రం సోమవారం నుంచి శనివారం దాకా తాళం వేసే ఉంటుంది. ఫ్యాన్లున్నాయి, కుర్చీలున్నాయి, చాపలున్నాయి, కుళాయి ఉంది. పెళ్ళి రిసెప్షన్లకు అద్దెకిస్తారు.

పక్షవాతం ఉన్న ఒక మనిషిని నలుగురు మంచంతో సహా మోసుకొచ్చి, జనం అడ్డమైతే ఇంటి కప్పు విప్పి యేసు ముందు దింపారని మార్కు సువార్తలో ఉంది. ఆ కథ మీద నేను విన్న ప్రసంగాలన్నీ స్వస్థత గురించే. ఆ నలుగురి భుజాల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ మనిషికి అమ్మ ఉందో లేదో సువార్తలో లేదు. ఉంటే మాత్రం ఆవిడ ఆ ఒక్క పూట భుజం దించుకుని ఉంటుంది!

దివిసీమకు వస్తాను. 1977 నవంబరు 19 ఉప్పెన మా అత్తగారు చెప్పగా విన్నదే. పదివేల మందికి పైగా పోయారు. శవాలు ఎత్తిన చేతుల్లో, గంజి పోసిన చేతుల్లో అన్ని మతాల వాళ్ళూ ఉన్నారు, మదర్ థెరెసా కూడా వచ్చారు. చర్చిల తరఫున 'కాసా' సంస్థ తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టించింది. అప్పుడు ఇది ఎవరి పాపం అని విచారించి అన్నం పెట్టలేదు కదా. నడుం వంచారు. మా అత్తగారు ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఎవరు ఏం ప్రార్థన చేశారో ఒక్కసారీ చెప్పలేదు. ఎవరు తన తడిసిన పిల్లను తీసుకుని పొడి గుడ్డలో చుట్టారో మాత్రం పేరు పేరునా చెప్పేది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. నాగాయలంక వైపు మా బంధువుల పల్లె నుంచి జనాన్ని ముందురోజే షెల్టరుకు తరలించారు. అక్కడ ఆటిజం ఉన్న పద్నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. కొత్త చోటు, వందలమంది జనం, అరుపులు, చీకటి. వాడు చెవులు మూసుకుని గోడకేసి తల బాదుకోవడం మొదలెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మొదట జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు. ఆ తల్లి గంటసేపు ఓపికపట్టి, వర్షంలో వాణ్ణి తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. తుఫాను రాత్రి రేకుల ఇంట్లో ఇద్దరే. దేవుడి దయ, ఇల్లు నిలిచింది. దేవుడి దయ అనుకుని ఊరుకుందామా? ఊళ్ళో గుడి ఉంది. ఎవరి ఇంట్లో నడవలేని పిల్ల ఉందో, ఎవరికి మోయడానికి ఇద్దరు మగవాళ్ళు కావాలో, ఏ బాబుకు విడిగా ఒక మూల కావాలో, ఎవరి మాత్రలు సంచిలో ముందే సర్దాలో ఒక కాగితం మీద రాసుకోవడానికి అక్టోబరులో ఒక్క సాయంత్రం చాలు. మన తీరానికి తుఫాన్లు చెప్పే వస్తున్నాయి ఇప్పుడు. 1977లోలా కాదు.

సంస్కారం విషయం కూడా ఒక మాట. మా పాపకు ప్రశ్నలకు జవాబు చెప్పడం రాదు గనక కన్ఫర్మేషన్ ఎలా ఇస్తాం అని ఏళ్ళ తరబడి దాటవేశారు. పది ఆజ్ఞలు చెప్పలేదు, నిజమే. కానీ రొట్టె పళ్ళెం కనబడగానే రెండు చేతులూ ఒక్కచోటికి తీసుకురావడానికి అవస్థ పడుతుంది. ఒక కొత్త అయ్యగారు వచ్చి, అది చూసి, బిషప్పుగారితో మాట్లాడి ఒప్పించారు. తెల్ల చీర కట్టించాం. ఆ ఫొటో హాల్లో పెట్టుకున్నాం. ఇంతకంటే రాయను, కళ్ళు చెమరుస్తాయి.

అన్నిటికంటే పెద్ద భయం మేం పోయాక. ఈ భయం గురించి ఇలాంటి ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు కూడా పైకి మాట్లాడుకోరు. పిల్లకు పద్దెనిమిది నిండాక కన్నవాళ్ళమైనా చట్టం దృష్టిలో మనం సంరక్షకులం కాదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే సంరక్షకుల్ని నియమిస్తారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకు ఇది వర్తిస్తుంది. 'నిరామయ' అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఆ ట్రస్టుదే ఉంది. ఈ సంగతులు నాకు పాపకు ఇరవై ఏళ్ళు వచ్చాక, అదీ ఆసుపత్రి వరుసలో పక్కన నిలబడ్డ ఒక ముస్లిం సోదరి చెబితే తెలిశాయి. మా గుడి నోటీసు బోర్డు మీద కానుకల లెక్క ఉంటుంది, పెళ్ళి ప్రకటనలుంటాయి. ఈ కాగితం ఒకటి అంటిస్తే ఏం పోయింది? చదువుకున్న కుర్రవాళ్ళు ఎంతమంది లేరు మన సంఘాల్లో! ఏడాదికి ఒక శనివారం కూర్చుని దరఖాస్తులు నింపిపెట్టగలరు. వైకల్యం పింఛను 2024 జూలై నుంచి నెలకు 6 వేలు అయింది. ఎంతో ఊరట. కానీ 2025లో సర్టిఫికెట్లు మళ్ళీ తనిఖీ అన్నప్పుడు కదలలేని పిల్లల్ని మోసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగిందీ తల్లులే. ఆ రోజు సంఘం తరఫున ఒక కారు, ఒక చెయ్యి తోడుంటే ఎలా ఉండేదో!

పెద్దమ్మాయి సంబంధాల విషయంలో రెండుసార్లు మాట దాకా వచ్చి వెనక్కి పోయారు. "రేపు ఆ పిల్ల మా అబ్బాయి నెత్తి మీద పడుతుంది కదండీ" అని ఒకరు మొహం మీదే అన్నారు. ఇద్దరూ మా సంఘం వాళ్ళే, మా పాప కోసం ప్రార్థన చేసినవాళ్ళే. పెద్దమ్మాయి "నేను చూసుకుంటానమ్మా" అంటుంది. దాని బతుకు దానికుంది. సమాధుల తోటలో మా ఇద్దరికీ ఆరడుగుల స్థలం గ్యారంటీగా ఉంది, సంఘం రిజిస్టరులో పేర్లున్నాయి. మా తర్వాత పాప ఏ గదిలో పడుకోవాలో రాసుకునే రిజిస్టరు మాత్రం ఏ గుళ్ళోనూ లేదు. ఒక్కో కుటుంబం ఒక్కో ఇల్లు కట్టలేదు. డయాసిసన్ స్థలాలున్నాయి, విచారణ స్థలాలున్నాయి, ఖాళీగా పడున్న హాస్టళ్ళున్నాయి. బందరు, గుడివాడ, అవనిగడ్డ మూడు చోట్లా పదేసి మందికి సరిపడా ఇల్లు ఒక్కొక్కటి... పెద్ద మాటే. బిషప్పుల స్థాయిలో మాట్లాడుకోవలసిన మాట. కానీ ఎవరో ఒకరు అడగాలి గనక అడుగుతున్నాను.

చిన్న మాట మాత్రం మొదలైంది. కిందటి ఆగస్టు నుంచి మా స్త్రీల మైత్రిలో ఆరుగురు ఆడవాళ్ళం కలిసి గురువారం మూడింటి నుంచి అయిదింటి దాకా గుడి హాలు తాళం తీయిస్తున్నాం. అయ్యగారి భార్య, మేం 'అమ్మగారు' అంటాం, ఆవిడే తాళం చెవి తెస్తారు. ఏడుగురు పిల్లలు వస్తున్నారు, అందులో ముగ్గురు క్రైస్తవులు కారు. ఏ పూటైనా ఇద్దరికి తక్కువ కాకుండా పిల్లల దగ్గర ఉంటారు. తల్లులు ఆ రెండు గంటలు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. మొదటివారం ఒకావిడ చాప వేసుకుని నిద్రపోయింది, అయిదున్నరకు లేపాం. నేను కోనేరు సెంటరు దాకా నడిచి వెళ్ళి జాకెట్టు గుడ్డ కొనుక్కున్నాను, ఒక్కదాన్నే.

ఇబ్బందల్లా బాత్‌రూము దగ్గర వచ్చింది. తలుపు వెడల్పు ఇరవై నాలుగు అంగుళాలు, మా పాప చక్రాల కుర్చీ ఇరవై ఆరు. మేస్త్రీని పిలిచి అంచనా వేయించి కమిటీకి ఇచ్చాం. క్రిస్మస్ రంగులు అయ్యాక చూద్దామన్నారు. జనవరి మొదటివారంలో మళ్ళీ అడుగుతాం.